జోడేఘాట్ తరువాతి బడి: గోండు పోరాట సాహిత్య పఠనంలో బాలల హక్కు

నిర్మల్ ప్రాంతపు ఆదివాసీ పోరాట స్మృతి వెయ్యి ఉరుల మర్రి వద్ద మొదలై జోడేఘాట్ వద్ద ఆగుతుంది. 1860లో రాంజీ గోండు ఉరి, 1940లో కుమ్రం భీం మరణం దానికి రెండు హద్దులు. సాహు, అల్లం రాజయ్యల ‘కొమురం భీం’ నవలను సాధారణంగా భూమి, అడవి హక్కుల కోణంలోనే చదువుతారు. ఆ పఠనం సరైనదే, కాని అసంపూర్ణం.

తిరుగుబాటును అణచివేసిన నిజాం ప్రభుత్వమే గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని హైమండార్ఫ్‌కు అప్పగించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వెలువడ్డాయి. ఉర్దూ పాలనాభాషగా ఉన్న రాజ్యంలో గోండు పిల్లలు ఇంటి భాషలో అక్షరాలు దిద్దారు.

దీనిని పాలకుల దయగా చెప్పడం చరిత్రను తలకిందులు చేయడమే. జోడేఘాట్ లేనిదే మార్లవాయి లేదు. అయితే పోరాటం సాధించిన ఈ చదువు సర్కారు పథకంగానే మిగిలింది, హక్కుగా స్థిరపడలేదు. అందుకే పాలన మారాక గోండీ బోధన నిలవలేదు. భూమి పట్టాతో పాటు పిల్లల భాషను కూడా పోరాట ఫలంగా గుర్తించినప్పుడే ఈ సాహిత్య విమర్శ సమగ్రమవుతుంది.