సకలనీతిసమ్మతము – ఉదాహరణధర్మము

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, షామీరుపేటకుఁ జేరువనున్న కీసరగుట్టయం దొక బండమీఁద ‘తొలుచువాండ్రు’ అను నొక్క మాట చెక్కఁబడియున్నది. అది విష్ణుకుండినుల కాలపుదని పురావిదులు తలంతురు. దానిని వ్రాసినవాఁ డెవ్వఁడో తెలియదు. దానివెనుకఁ గావ్యమును లేదు. అయినను దాని ప్రామాణ్యమునకు లోపము లేదు. ఏలయన లిపియు, స్థలమును, శిలయు నా మాటతోడనే నిలిచియున్నవి. తాటియాకునుండి తాటియాకున కెక్కిన పద్యమున కట్టి రక్ష లేదు. దాని స్థానమును జెప్పవలసినవాఁడు దాని నుదాహరించు పండితుఁడే. ఈ ధర్మమును నిష్ఠతో నెఱవేర్చిన ప్రాచీనాంధ్ర గ్రంథములలో మడికి సింగన సకలనీతిసమ్మతము ముందు స్మరింపఁదగినది.

సింగన 15వ శతాబ్ది పూర్వార్ధమువాఁడు. రామగిరి నేలిన ముత్తభూపాలుని మంత్రియగు కందనామాత్యుఁ డాతని పోషకుఁడు. పద్మపురాణోత్తరఖండమున కాతఁడే కృతిపతి. సకలనీతిసమ్మతమున సింగన పూర్వగ్రంథములలోని నీతిపద్యములను విషయానుసారముగాఁ గూర్చి, యవి యే గ్రంథములలోనివో పేర్కొనెను. ముద్రామాత్యము, పురుషార్థసారము మున్నగు కృతులు నేఁడు సమగ్రముగా లభింపవు. మానవల్లి రామకృష్ణకవిగారు సకలనీతిసమ్మతమును బ్రకటించిన పిదప వాని పద్యములు కొన్ని లోకమునకుఁ దెలిసినవి. సింగన పేరు వ్రాయుటకు సోమరియై యుండినచో, నాపద్యము లుండియు నాకృతులు లేనివే యయ్యెడివి.

అయిన నిట్టి సంకలనములకు సహజమైన కొఱఁత యొకటి కలదు. పద్యము దొరకును గాని సందర్భము దొరకదు. దీనివలన నలంకారమే చెడు తావులు గలవు. సామాన్యముచే విశేషమును, విశేషముచే సామాన్యమును సమర్థించుట యర్థాంతరన్యాసము. విశేషవాక్యమును విడిచి సామాన్యవాక్యమును మాత్రమే పెఱికి తెచ్చినచో నది లోకోక్తి యగును గాని యర్థాంతరన్యాసము కాదు. అట్టి తునుకను బాలురకుఁ జూపి, ‘ఇం దలంకార మేది?’ యని యడుగుట న్యాయము కాదు. అలంకారము పద్యమునకుఁ బైని దొడిగిన నగ కాదు. రెండర్థముల సంబంధమునఁ బుట్టిన శోభ.

అర్థమును సందర్భమునకు లోఁబడినదే. భారతమున ధృతరాష్ట్రునకుఁ గణికుఁడు చెప్పినది కూటనీతి. వక్త పేరు మాసిన నదియే వ్యాసహృదయ మని చదువరి భ్రమించును. కావున గ్రంథనామ మొక్కటియే చాలదు; చెప్పినవాఁ డెవ్వఁడు, విన్నవాఁ డెవ్వఁడు నని తెలుపవలెను.

పేరు చెప్పుట యెంత యవసరమో, చెప్పిన పేరును బరీక్షించుటయు నంత యవసరము. 17వ శతాబ్దిని అప్పకవి ఆంధ్రశబ్దచింతామణి నన్నయకృత మని విశ్వసించి వ్యాఖ్యానించెను. తరువాతి విమర్శకు లనేకులు దానిని శంకించిరి. సుమతిశతకము బద్దెన దనుటయందును నేకాభిప్రాయము లేదు. ఇట్టి తావుల ‘అని ప్రతీతి’ యని వ్రాయుట పండితునకు లాఘవము కాదు, గౌరవమే.

నేఁటి పాఠశాలలలోఁ బద్యభాగములు తఱచుగాఁ గవినామముతోడను, గావ్యనామముతోడను నిలిచిపోవుచున్నవి. ఆశ్వాసము, పద్యసంఖ్య, వక్త, ముద్రణవత్సరము నను నాలుగింటిని జేర్చుట గొప్ప శ్రమ కాదు. పద్యసంఖ్యలు ముద్రణమునుబట్టి మాఱుచుండును గనుక వత్సరము విడువరాదు. పాఠభేద మున్నచోఁ దా గ్రహించిన పాఠ మేదో సూచింపవలెను.

సింగన తన కాలమున, ముద్రణము లేని దినములలో, గ్రంథనామములను గాపాడి మనకు ఋణ మిచ్చిపోయెను. సందర్భమునుగూడఁ గాపాడుట యా ఋణమునకు వడ్డి. కీసర శిల తన చోటును దాన యెఱిఁగించుచున్నది. పద్యమునకు నోరు లేదు, దాని చోటును బండితుఁడే చెప్పవలెను.