తేదీ తప్పని తూకం

బిడ్డ ఎన్నో వారంలో పుట్టిందని అడిగితే చాలామంది తల్లులు అటూఇటూగా చెబుతారు. ఆ అటూఇటూ ఉండకూడదని 1969లో దక్షిణ ఢిల్లీలో కొందరు పిల్లల డాక్టర్లు పట్టుబట్టారు. శాంతి ఘోష్, ఎస్.కె. భార్గవ వంటివారు నడిపిన ఆ పనే న్యూఢిల్లీ బర్త్ కోహార్ట్.

లజపత్ నగర్ ప్రాంతంలో 12 చదరపు కిలోమీటర్ల మేర కాపురముంటున్న 20 వేలమందికి పైగా వివాహితలను నమోదు చేసుకున్నారు. గర్భం రాకముందు నుంచే రెండు నెలలకోసారి నెలసరి తేదీ రాసుకున్నారు. 37వ వారం వచ్చాక రోజు విడిచి రోజు ఆ గుమ్మం తొక్కారు. కాన్పయిన 72 గంటల్లోపే బిడ్డ బరువు, పొడవు కొలిచారు. అక్కడితో ఆగితే అదొక మంచి సర్వే, అంతే. ఏడాది నిండేదాకా మూడు నెలలకోసారి, వారానికి మించి తేడా రాకుండా కొలిచారు. ఆపైన ఆరు నెలలకోసారి. అక్కడ గడువు అటూఇటూ 15 రోజులు. పిల్లలకు నూనూగు మీసాలొచ్చేదాకా ఇదే వరస! ఇంత ఓపిక ఏ గ్రాంటు డబ్బుకూ దొరకదు.

వాళ్లలో 1,492 మందికి 26–32 ఏళ్ల వయసులో గ్లూకోజు పరీక్ష చేసి, ఫలితాలను 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చువేశారు. 4.4 శాతం మందికి మధుమేహం, 10.8 శాతం మందికి దాని ముందుమెట్టు. పాత కొలతలు తిరగేస్తే, ఈ రెండు కోవల వాళ్లూ సాధారణంగా రెండేళ్లదాకా బక్కపిల్లలే. తర్వాత బీఎంఐ పెరగడం తోటివాళ్లకంటే ముందే మొదలై, వేగంగా సాగింది. అయినా 12 ఏళ్లకు వీళ్లలో ఒక్కరూ స్థూలకాయులు కారు. ఎప్పుడో ఒకసారి తూచి వదిలేసి ఉంటే ఈ మలుపు ఎవరి కంటా పడేది కాదు.

తల్లుల చక్కెర సంగతి ఈ లెక్కల్లో లేదు. ఆ వెలితిని మైసూరు పూడ్చింది. అక్కడి హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో 1997–98లో పార్థెనాన్ అధ్యయనం గర్భిణులకే గ్లూకోజు పరీక్ష చేసింది. గర్భంతో ఉండగా మధుమేహం వచ్చిన తల్లుల పిల్లల్లో తొమ్మిదిన్నరేళ్లకే ఒంట్లో కొవ్వు, ఇన్సులిన్ నిరోధకత ఎక్కువగా కనిపించాయి. బక్కగా మొదలైన బిడ్డకూ, చక్కెర ఎక్కువైన గర్భంలో పెరిగిన బిడ్డకూ పొంచి ఉన్న ముప్పు ఒకటేనన్నమాట.

ఇంట్లో గర్భిణి ఉంటే గ్లూకోజు పరీక్ష తప్పించకండి. టీకాలు పూర్తయ్యాయి కదా అని బిడ్డ బరువులు రాసిన కార్డును పారేయకండి.