గంజాం మేక, గొల్లల చూపు

పశువుల ప్రదర్శనలో మేకపోతును ఎత్తు, బరువు, కొమ్ముల తీరు చూసి ఎంచుతారు. ఆ కొలతల్లో గంజాం మేకకు లోటు లేదు. పొడుగు కాళ్లు, నిటారు కొమ్ములు, ఎక్కువగా నల్లటి ఒళ్లు. ఎదిగిన పోతు నలభై కిలోలు దాటుతుంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దీన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. ఈ మేక పుట్టిల్లయిన గంజాం జిల్లా ఇప్పుడు ఒడిశాలో ఉంది; 1936 ఏప్రిల్ 1న ఆ రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇక్కడ మందల వెంట తిరిగే గొల్లలే ఈ జాతిని నిలబెట్టారు. వాళ్ల మందలో పరీక్ష ఏడాదికొక రోజు కాదు, రోజూ జరుగుతుంది. నడవలేనిది, ఎండకు ఆగలేనిది వెనకబడిపోతుంది. విత్తనానికి పోతును ఎంచాలంటే దాని ఒళ్లు ఒక్కటే చూస్తే చాలదు, తల్లిని చూడాలి: పాలు ఎలా ఇచ్చింది, ఎన్ని ఈతల్లో పిల్లను బతికించుకుంది అని. ఎంత మంచి పోతయినా ఏళ్ల తరబడి ఒకే మందలో ఉంచితే తన కూతుళ్లనే దాటుతుంది, సంతతి బలహీనపడుతుంది. మెచ్చినదాన్ని సమయానికి వదులుకోవడం కాపరి విద్యలో అన్నిటికన్నా కష్టమైన భాగమని నా అభిప్రాయం.

ఈ మేక ఈతకు సాధారణంగా ఒక్క పిల్లనే వేస్తుంది, బెంగాల్ నల్లమేకలా రెండు మూడు కాదు కదా అంటారు. నిజమే. కానీ రోజంతా నడిచి మేసే తల్లికి ఒక్క పిల్లయితేనే పాలు సరిపోతాయి. కొట్టంలో కట్టి మేపేవారి లెక్క వేరు; ఆ లెక్కతో మందను తూచకూడదు. మేకలు అడవిని తినేస్తాయన్న ఆక్షేపణ ఇంకా బరువైనది. కొత్తగా నాటిన మొక్కల్లోకి మందను వదిలితే నష్టం తప్పదు, అక్కడ కట్టడి ఉండాల్సిందే. అయితే ఒకే చోట తిష్ఠ వేసిన మంద చేసే హాని, కదిలిపోయే మంద చెయ్యదు; కొరికిన కొమ్మకు మళ్లీ చిగురించే వ్యవధి దొరుకుతుంది. పైగా మంద తిరిగి ఇస్తుంది కూడా. కోత అయిన చేలో రాత్రిపూట మంద కడితే పెంటికలు, మూత్రం నేరుగా నేలలో కలుస్తాయి. మేక ఎరువులో నత్రజని ఆవు పేడలోకన్నా ఎక్కువ. రైతుకు ఎరువు, గొల్లకు ధాన్యమో డబ్బో: ఈ ఒప్పందం నిలవాలంటే ఇద్దరూ మాట మీద ఉండాలి.

తిరిగే మందకు వైద్యం అందడం కష్టమన్నది కాదనలేని లోపం. మేకలకు సోకే పారుడు రోగాన్ని 2030 నాటికి ప్రపంచం నుంచే తుడిచిపెట్టాలన్న లక్ష్యం ఉంది. టీకాలు ఆసుపత్రి గుమ్మంలో ఆగిపోతే అది నెరవేరదు. వానలకు ముందే చిటుకు రోగం టీకాతో పాటు పారుడు టీకా కూడా మందలు దిగే చోట్లకే రావాలి. ఇక పోతుల ఎంపిక సంగతి: గంజాం జిల్లాలోని బరంపురం పరిసరాల్లో పశు ప్రదర్శనలు జరిపేవారు పోతు పక్కన దాని తల్లిని కూడా నిలబెట్టించి, కాపరి చెప్పే వంశక్రమానికి మార్కులు వెయ్యాలి.