రాతిపై అంచు, తోలుపై వెన్ను

కరీంనగరమున టవర్ సర్కిలునకు సమీపమందలి యొక సందులో మా తాతగారు ముప్పదియేండ్లు నడపిన సెలూను స్థానమున నేడు సెల్‌ఫోన్ల దుకాణమున్నది. ఆయన మంగలికత్తియు, నూరెడు రాయియు, తోలుపట్టీయు మాత్రము నా బల్లసొరుగున భద్రముగా నున్నవి. గత మంగళవారమున, మా వృత్తివారు దుకాణములు మూసికొను దినమగుటచే కాబోలు, ఆయన మిక్కిలి జ్ఞప్తికి రాగా, ఆ కత్తిని వెలికిదీసి నూరుటకు కూర్చుంటిని.

"రాయి మీద అంచు ముందట, తోలు మీద ఎన్ను ముందట, యాదివెట్టుకో కొడుకా" అని ఆయన నా బాల్యమున చెప్పెడివారు. రాతిపై అంచు ముందు నడచినప్పుడే యినుము సమముగా అరిగి పదునెక్కును; తోలుపై నట్లు నడపితిమా, అది తోలును కోయుటయేగాక తానును మొద్దువారును; కావున తోలుపై వెన్ను ముందు నడచి, ప్రతి కొసయందును వెన్నుమీదనే పొరలవలెను. గడ్డము నానుటకు పట్టు కాలము గీయుటకు పట్టు కాలముకంటె అధికముగా నుండవలెననియు, ఎడమచేతి బొటనవ్రేలితో చర్మమును బిగలాగి పట్టనిదే కత్తి నానింపరాదనియు ఆయన నియమము. పనియైన పిమ్మట తడిపటిక రుద్ది, చిన్న యద్దమును వెనుక పట్టి మెడను చూపి, గిరాకి తల యూపువరకు తువ్వాలు తీసెడివారు కారు.

ఈ యోర్పు ఆయనకు మానేరుతీరమందలి పల్లెలో, తండ్రి వెంట అడపము మోయుచు తిరిగిన దినములలో అలవడినది. ఇంటింటికి పోయి నేలపై గొంతుకూర్చుండి చేసిన యేడాది పనికి కళ్లమునొద్ద కొలిచిన వడ్లే ప్రతిఫలము. పెండ్లికి సన్నాయి డోలు వారివే, పురుటికి మంత్రసాని వారి యింటి యాడుదే. ఇవి యన్నియు ఊరివారు పరస్పరము జరుపుకొను మర్యాదలని సరిపెట్టుకొనవచ్చును గాని, రాత్రివేళ గడీలో దొర కాళ్లు పిసుకుటకు కొలతయు లేదు, కూలియు లేదు. దాని పేరు వెట్టి. ఆ వెట్టిని ఖండించిన ఆంధ్ర మహాసభ 1935లో సిరిసిల్లయందు సమావేశమైనప్పుడు తాతగారు బాలుడు. 1948 సెప్టెంబరున నిజాము ప్రభుత్వము పతనమైన మరుసటి యేడు ఆయన కరీంనగరము చేరిరి.

తొలినాళ్లలో డబ్బులపెట్టెలో చార్మినారు బొమ్మగల హాలీ నాణెములును, భారతప్రభుత్వ నాణెములును కలిసి పడుచుండెడివట. ఒక కుర్చీ, ఎదురెదురుగా రెండద్దములు, పిల్లలకొరకు కుర్చీచేతులపై నడ్డముగా వేయు పలక, వేచియుండువారికి ఒక బల్ల: ఇంతియే సెలూను. ఆ బల్లపై ముందు వచ్చినవానిదే ముందు వంతు.

ఒకనాడు ఆ పల్లెదొరవారే కచ్చేరి పనిమీద వచ్చి గడపలో నిలిచిరని మా బాపు చెప్పెడివాడు. కుర్చీలో రిక్షాతొక్కు మనుష్యుడు సగము గడ్డముతో నుండెను, బల్లపై మరియొకడు. తాతగారు కత్తి నాపక, "కూసోన్రి దొరా, ఇంకిద్దరున్నరు" అనిరి. దొరవారు కూర్చుండిరి. వంతు రాగా ఆయన గడ్డమును కూడ అంతసేపే నానబెట్టి, అంత జాగ్రత్తగానే గీసిరి. ఆ కంఠముపై కత్తి నానించిన క్షణమున తాతగారి మనస్సున నేమి మెదలెనో యని నేను పలుమారు తలపోసి, పెద్దవాడనైన పిదప ఒకసారి అడిగియే యడిగితిని. ఆ దొరకు ఎడమచెవి క్రింద వెండ్రుకలు సుడితిరిగి యుండెననియు, అచ్చట కత్తిని పైనుండిగాక ప్రక్కనుండి నడపవలసివచ్చెననియు మాత్రమే ఆయన చెప్పిరి.

ఎయిడ్స్ భయము వ్యాపించిన పిదప నూరెడు కత్తులు మూలబడి, ఒకరికి వాడి పారవేయు సగము బ్లేడు వచ్చినది, అది న్యాయమే. 2021 నుండి మా వృత్తివారి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితమైనది. తాతగారు విసనకఱ్ఱతో గిరాకులకు విసరిన వేసవులను తలచికొని నేను మిక్కిలి సంతసించితిని.

గంటసేపు నూరి, ముంజేతి వెండ్రుకపై నుంచి చూచితిని. వెండ్రుక వంగినదేగాని తెగలేదు. కత్తికి కొబ్బరినూనె రాచి, గుడ్డలో చుట్టి, రాబోవు మంగళవారమునకై మరల సొరుగున నుంచితిని.