విస్సర్ లండన్: పేరున్న పడవలు, పేరులేని మనుషులు

ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారుడు క్లాస్ యాన్స్ విస్సర్ రాగిరేకుల మీద చెక్కగా 1616లో అచ్చయిన లండన్ నగర దృశ్యం నకలు మొదటిసారి చూసినప్పుడు "వర్తకుల భజన" అని ఒక్క మాటలో కొట్టిపారేశాను. ఆ తీర్పు తొందరపాటని ఇప్పుడనుకుంటున్నాను. అలాంటి తీర్పులు మనం తరచూ ఇస్తుంటాం కనుక నా పొరపాటును ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

అలా అనిపించడానికి కారణాలు లేకపోలేదు. నాలుగు కాగితాలు కలిపితే రెండు మీటర్లు దాటే ఈ చిత్రం, లండన్‌ను లోకప్రసిద్ధమైన వర్తక కేంద్రమని శీర్షికలోనే కీర్తిస్తుంది. థేమ్స్ నిండా ఓడలు, పడవలు. చర్చిలకు పేర్లు రాశారు. గ్లోబ్ నాటకశాలకు పేరు రాశారు. ఈల్ చేపలు తెచ్చే పడవలకు కూడా రాశారు. ఆ చేపలు పట్టినవాళ్లు, తెడ్లు వేసినవాళ్లు, సరుకు మోసినవాళ్లు మాత్రం ఏ పేరూ లేని చుక్కలు. విస్సర్ అసలు లండన్ చూడలేదనీ, పాత పటాలు ముందుపెట్టుకుని గీశాడనీ పరిశోధకులు చాలామంది భావిస్తారు. అంటే అతను గీసింది నగరం కన్నా నగరానికున్న పరపతిని.

అయితే లండన్ వంతెన దక్షిణ ద్వారం పైకి చూడండి. అక్కడ కర్రలకు గుచ్చిన తలలున్నాయి. రాజద్రోహులని ముద్రవేసి నరికిన తలలవి. వాటిని ఖండించడానికి విస్సర్ గీయలేదు. చర్చి గోపురాల్లాగే అవీ నగరం గుర్తులని గీశాడు. కాని అంగళ్లున్న వంతెన మీదే ఆ తలలూ ఉన్నాయి. వర్తకం సాగే దారికి కాపలా కాసింది ఎవరి కత్తో, చిత్రకారుడు తలపెట్టకుండానే బయటపెట్టాడు.

బాల్జాక్ తన వర్గ సానుభూతులకు విరుద్ధంగా వెళ్లక తప్పలేదని ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాశాడు. విస్సర్‌ను బాల్జాక్ సరసన కూర్చోబెట్టడం నా ఉద్దేశం కాదు. బాల్జాక్ మానవ సంబంధాలను లోతుగా పరిశీలించి చూపాడు. విస్సర్ పైపైన చూపాడు. ఆ పైపై చూపులో దొరికే సాక్ష్యాన్ని వదిలేస్తే నష్టం మనకే.

చట్రం బయట మిగిలిందీ చూడాలి. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి మచిలీపట్నం చేరింది. దాని పేరూ గ్లోబే. కోరమాండల్ బట్టలు కొని, ఆగ్నేయాసియా రేవుల్లో అమ్మి, 1615లో ఇంగ్లండు తిరిగి వెళ్లింది. మరుసటి ఏడే ఈ చిత్రం అచ్చయింది. ఆ ఓడను విస్సర్ గీశాడని నేననను. ఆ రేవు సంపదలో మన నేతగాడి మగ్గానికీ వాటా ఉందని మాత్రం అంటాను.

శ్రామికుడు లేడు కనుక ఈ కళ మనది కాదనడం తేలిక. ఎందుకు లేడు, అతన్ని తొలగించిన చెయ్యి ఎక్కడ దొరికిపోయింది అని అడగడానికి ఓపిక కావాలి. అది విమర్శకుల బాధ్యత. రచయితలకు నా విన్నపం ఒక్కటే. రేవు మీద కథ రాసేటప్పుడు పడవ పేరుతోపాటు హమాలీ పేరు కూడా కనుక్కోండి.