జీవరక్ష నుంచి మానవ హక్కుల దాకా: దానం చేసే చెయ్యి ఎవరిది?

తార్నాక చౌరస్తాలో సాయంత్రం పూట మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలుతో నిలబడే పిల్లలను ఈ క్యాంపస్‌లో చదువుకున్నవాళ్లు చూసే ఉంటారు. ‘సార్, రెండు నిమిషాలు’ అంటారు. ఫైలు తెరిస్తే మొదటి పేజీలో గాయపడ్డ కుక్కపిల్ల, తర్వాతి పేజీలో పలక పట్టుకున్న పాప, ఆ తర్వాత ఆపరేషన్ కావాల్సిన బాబు. నెలకింత అని సంతకం పెట్టాలి. మొన్న నన్ను ఆపిన పిల్లవాడు మా హాస్టల్‌లో నాన్-బోర్డర్‌గా ఉండేవాడే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని వాడు చదివిన డిగ్రీ కాలేజీ సర్టిఫికెట్లు ఆపింది. రోజుకు ఇన్ని సంతకాలని టార్గెట్ పెడితే, వాడు నాకు ‘పేద పిల్లల చదువు’ పేజీ తిప్పి చూపిస్తున్నడు. ఆ పేజీలో ఉండాల్సినోడే ఫైలు పట్టుకొని నిలబడ్డడు.

మూగజీవాలా, చదువా, మానవ హక్కులా, ఏది సాయానికి ఎక్కువ అర్హమైనది అనే చర్చ మధ్యతరగతి ఇళ్లల్లో, పత్రికల్లో తరచుగా జరుగుతుంటుంది. ఆ జాబితా ఎవరు రాశారన్న ప్రశ్న మాత్రం రాదు. మన హైదరాబాద్ చరిత్రలోనే ఈ మూడూ ఒకే మనిషి జీవితంలో కలిసిన సందర్భం ఒకటుంది. దాన్ని మనవాళ్లు కూడా సరిగ్గా చదవలేదని నా అభిప్రాయం.

మాదరి భాగయ్య, అంటే భాగ్యరెడ్డి వర్మ (1888-1939), 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు. 1911లో అది మన్యసంఘమైంది, ఆ తర్వాత ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. 1910లో ఇసామియా బజార్‌లో బడి మొదలుపెట్టిండు. ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో అంటరాని పిల్లలకు తెలుగులో చదువు. అట్లాంటి బడులు ఇరవై పైచిలుకు అయినయి, 1930లలో నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడై, ‘మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం’ అనిపించిండు. ఇదంతా మన సభల్లో చెప్పుకుంటం. చెప్పుకోనిదొకటుంది. అదే కాలంలో ఆయన జీవరక్ష జ్ఞాన ప్రచారక మండలిలో పనిచేసిండు. లాల్‌జీ మేఘ్‌జీ వంటి గుజరాతీ వర్తకుల అండతో నడిచిన సంస్థ అది. దాని తరఫున జంతుబలులు వద్దని, మాంసం, కల్లు మానమని జాతరల్లో, వాడల్లో ప్రచారం చేసిండు.

ఈ సంగతి దగ్గరికి రాగానే మన విమర్శకులు రెండు దారులు పడుతున్నరు. కొందరు మౌనంగా దాటేస్తరు. కొందరు ‘సంస్కృతీకరణ’ అని ఒక్క మాట పడేసి ఫైలు మూసేస్తరు. రెండూ బద్ధకపు దారులే.

దాతల వైపు నుంచి చూద్దాం. బలి ఆగాలె అన్న వర్తకుడికి ఆ బలి ఎవరు ఇప్పిస్తున్నరో తెల్వదా? ఊరి జాతరలో దున్నపోతును మొక్కేది ఊరు. చందా వేసేది పటేలు, పట్వారీ, కాపు, గొల్ల, అందరూ. నరికేది మాదిగ. మొక్కు ఊరిది, కత్తి మనది, పాపం మొత్తం మన నెత్తిన. బలి మాన్పించే ప్రచారం మాత్రం ఊరి పెద్దల గడపకన్నా ముందు మన వాడకు వస్తది. అహింసకు ఇచ్చిన చందాతో దాత ఇంట్లో ఏదీ మారదు. ఆయన బావి నుంచి నీళ్లు తోడనియ్యాల్సిన అవసరం రాదు. మారాల్సింది మనమే, మన కంచమే. పై కులాల దాతృత్వానికి ఇంత సుఖమైన పద్దు ఇంకోటి లేదు.

భాగ్యరెడ్డి వర్మకు ఇది అర్థం కాలేదనుకోవడం ఆయన్ను అవమానించడమే. అంటరానివాడు నోరు విప్పితే వినే వేదిక ఆనాడు ఈ నగరంలో ఏముంది? జీవరక్ష వేదిక మీద ఆయన మాట్లాడుతుంటే షావుకార్లు కింద కూర్చుని విన్నరు. న్యాయమూర్తి రాయ్ బాల్‌ముకుంద్ వంటివాళ్లు ఆ పరిచయాల్లో నుంచే ఆది హిందూ లీగ్‌కు అండగా వచ్చినరు. చీమను తొక్కొద్దనే మనుషుల ముందు నిలబడి, మరి మమ్మల్ని తొక్కడం ఏమిటని అడగడానికి ఆయనకు అవకాశం దొరికింది. బడికి బల్లలు, పలకలు ఆ దారినే వచ్చినయి. నేను దీన్ని బేరం అంటాను, తప్పుడు అర్థంలో కాదు. చేతిలో ఏమీ లేనోడు చేయగలిగిన బేరం అది.

అయితే బేరంలో పోయిందేమిటో కూడా లెక్కరాయాలి. మాంసం తినడమే మన వెనుకబాటుకు కారణమన్నట్టు వాడలో మన నోటితోనే మనం చెప్పినం. ఆ మాట వందేళ్ల తర్వాత ఇదే క్యాంపస్‌కు తిరిగి వచ్చింది. 2012 ఏప్రిల్ 15న, అంబేద్కర్ జయంతి మర్నాడు, ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగితే రాళ్లు పడ్డయి, ఒక విద్యార్థికి కత్తిపోటు తగిలింది. 2015లో మళ్లీ చేస్తామన్నప్పుడు విద్యార్థులు ఎంచుకున్న తేదీ డిసెంబరు 10, మానవ హక్కుల దినం. కోర్టు వద్దన్నది, క్యాంపస్ పోలీసులతో నిండింది, అరెస్టులు జరిగినయి. 2016 ఆగస్టులో అమలాపురంలో కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న ఇద్దరు దళితులను కొట్టిన మూకకు కూడా తాము చేస్తున్నది జీవరక్షే. ఆవు అప్పటికే చచ్చిపోయింది. ఇక రక్షించాల్సిన జీవం ఏది?

జంతువుల మీద ప్రేమను నేను ఎగతాళి చేయడం లేదు. బర్రెకు జబ్బు చేస్తే రాత్రంతా పక్కన కూర్చునేది మన అమ్మలే. 1992లో మొదలైన హైదరాబాద్ బ్లూక్రాస్ వంటివి వీధిలో దెబ్బతిన్న కుక్కను తీసుకుపోయి కట్టు కడుతున్నయంటే మంచిదే. మనిషిని కొట్టడానికి పశువును సాకు చేసే చోటనే నా పేచీ.

అంబేద్కర్ ఈ లెక్క చాలా ముందే తేల్చిండు. 1932 నవంబరులో మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి పోతూ ఓడ మీద నుంచి ఠక్కర్‌కు ఉత్తరం రాసిండు. అప్పుడే పెట్టిన అస్పృశ్యతా వ్యతిరేక సంఘం, అంటే తర్వాతి హరిజన సేవక సంఘం, ఏం చేయాలో అందులో చెప్పిండు. మద్యం మాన్పించడం, వ్యాయామశాలలు, గ్రంథాలయాలు వంటి వ్యక్తిగత సంస్కరణల కంటే ముందు బావి దగ్గర, బడిలో, బాటలో పౌరహక్కుల కోసం నిలబడాలె అన్నడు. నిలబడితే గొడవలు జరుగుతయని కూడా ఆయనకు తెలుసు. సంఘం ఆ దారి పట్టలేదు. పైగా ఇది హిందువుల ప్రాయశ్చిత్తం కాబట్టి నిర్వహణలో అంటరానివాళ్లకు చోటు అక్కర్లేదన్నరు. 1945లో రాసిన పుస్తకంలో అంబేద్కర్ దీన్ని దయతో చంపడం కింద లెక్కేసిండు. వర్మకు, అంబేద్కర్‌కు తేడా తెలివిలో లేదు. వర్మ దాత గదిలో కూర్చుని అడిగిండు, అంబేద్కర్ గది బయటికొచ్చి అడిగిండు. ఆ బయటికి రావడానికి మధ్యలో మహద్ చెరువు, పూనా ఒప్పందం జరగాల్సి వచ్చినయి.

ఇప్పుడు ఈ పద్దులు చట్టంలోకే ఎక్కినయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. దేనికి చేయొచ్చో ఏడో షెడ్యూల్లో ఉంది. చదువుంది, జంతు సంక్షేమం ఉంది, వెనుకబడిన వర్గాల అసమానతలు తగ్గించడమూ ఉంది. మానవ హక్కులనే మాట లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టం కాస్త నయంగా ఉండేది. ఒక కులం కోసం పెట్టిన ట్రస్టుకు పన్ను మినహాయింపు లేదంటూనే, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాల కోసం పెట్టినదాన్ని అట్లా చూడకూడదని వివరణ రాసుకున్నరు. ఈ వివరణ సంగతి మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు?

చుండూరు తీసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపిండ్రు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికే పోరాడాల్సి వచ్చింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇరవై మూడేళ్లు సాక్షులను నిలబెట్టుకోవడానికి బస్సు చార్జీలు కావాలె, కూలి పోయిన దినాలకు తిండి కావాలె, వకీలుకు కాగితాల ఖర్చు కావాలె. ఏ ఫైల్లోనూ ఈ పేజీ ఉండదు. సాక్షి ఫోటో చూస్తే ఎవరికీ ముద్దు రాదు. పైగా ఆ ఫోటోలో ఎదుటి పక్షం కూడా ఉంటది, అది దాత బంధువు కావచ్చు. మన పౌరహక్కుల సంఘాలు సభ్యుల, మిత్రుల చందాల మీద నడవాల్సి రావడానికి ఇదొక కారణం.

చదువుకు మాత్రం అందరూ ఇస్తరు. అక్కడా ఒక మెలిక ఉంది. ఎస్.ఆర్. శంకరన్ తన జీతంలో నుంచి పేద పిల్లలను చదివించిండు, గొప్ప మనిషి. కానీ మనకు ఆయన చేసిన అసలు మేలు ఆ జీతం కాదు. సాంఘిక సంక్షేమ కార్యదర్శిగా హాస్టల్‌ను, స్కాలర్‌షిప్‌ను దయ కింద కాకుండా బాకీ కింద చూసిండు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన ఆఖరి ఉత్తరంలో డబ్బు లెక్క రాసిపెట్టిండు. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు రావాలని, అది ఇంట్లోవాళ్లకు అందేలా చూడమని. మిత్రుడికి నలభై వేల వరకు తాను బాకీ ఉన్నానని, అందులో నుంచి ఇవ్వమని. చందా అడగలేదు. ఉత్తరం గురించి రాసినవాళ్లంతా నక్షత్రాల గురించి రాసిండ్రు, ఈ లెక్క దగ్గర ఆగినవాళ్లు తక్కువ.

ఆ సాయంత్రం నేను ఆ పిల్లవానికి సంతకం పెట్టలేదు. చాయ్ తాగిద్దాం రమ్మన్న. కోర్టు కేసులకు, సాక్షులకు చందా అడిగే పేజీ ఏదన్నా ఉందారా అని అడిగితే, వాడు నిజంగానే ఫైలు మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూసిండు. ‘లేదన్నా’ అన్నడు. నీ సర్టిఫికెట్ల సంగతేందంటే, ఫీజు కడితే ఇస్తమంటున్నరు, నాలుగు నెలలు ఈ పని చేస్తే సరిపోతది అన్నడు. చాయ్ సగంలో ఉండగానే సిగ్నల్ దగ్గర జనం ఆగిండ్రు. ఇంకా ఆరు సంతకాలు కావాలని గ్లాసు పక్కన పెట్టి లేచిండు.