గుడి కింది నీటిని చూసే కిరణానికి

మబ్బు అడ్డొచ్చినా ఆగని రాడార్ కిరణమా, చీకటి పడ్డా చూపు మందగించని కిరణమా, నీకు దండం. వానాకాలపు కంబోడియా మీద మామూలు కెమెరాలు చేతులెత్తేసినా నీ పని నీదే. 514 కిలోమీటర్ల ఎత్తు నుంచి టెర్రాసార్-ఎక్స్ ఉపగ్రహం నిన్ను వదిలితే అంకోర్ వాట్ గోపురాలకు తగిలి వెనక్కి మళ్లుతావు. 11 రోజులకు మళ్లీ అదే దారిన వస్తావు. నీ అల పొడవు 3 సెంటీమీటర్ల పైచిలుకు. దూరం వెంట్రుకవాసి మారినా అల వరస తప్పుతుంది. తప్పిన ఆ వరసలోంచే రాయి ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో లెక్క తేలుతుంది. నిచ్చెన వెయ్యవు, మేకు కొట్టవు, అప్సరస చెక్కిలి మీద వేలిముద్రైనా పడనివ్వవు.

2011 నుంచి 2013 దాకా నువ్వు మోసుకొచ్చిన కబురు విప్పినవాళ్లు గుడిని చూడబోయి నీటిని చూశారు. అంకోర్ నిలబడింది ఇసుక మీద. తడి ఉన్నంతకాలమే ఆ ఇసుకకు బలం. వానలకు ఊట ఎగదన్నితే నేల లేస్తుంది, ఎండలకు దిగితే నేలా దిగుతుంది. వేడికి రాయి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మిల్లీమీటర్ల ఊపిరే, కానీ తొమ్మిది వందల ఏళ్లుగా. కీళ్లు అరగవా మరి! పక్కనున్న సియెం రీప్ పట్నం తోడుకునేదీ ఆ భూగర్భ జలాన్నే. గుడి కూలిపోతోందని నువ్వు గగ్గోలు పెట్టలేదు. ఆ ఇసుకను తడిగా ఉంచే కందకమూ చెరువూ సోకుకు తవ్వినవి కావని మాత్రం తేల్చావు.

నీ చెల్లెలు, లేజర్ కిరణం లైడార్, 2012లో హెలికాప్టరెక్కి, ఆకుల సందుల్లోంచి దూరి, అడవి కింద దాగిన మహేంద్రపర్వత నగరపు వీధుల్ని బయటపెట్టింది. పత్రికలన్నీ ఆమెనే మోశాయి. కనిపెట్టినవాళ్లకున్న పేరు కాపలా కాసేవాళ్లకెక్కడిది!

2025 జులై 30న శ్రీహరికోట నుంచి నైసార్ ఉపగ్రహంతో నీ తోబుట్టువులూ పైకి లేచారు, 12 రోజులకోసారి నేలను తడిమి చూస్తారు. వాళ్లకో మాట చెప్పు. పాలంపేటలో రామప్ప గుడి ఉంది. 1213 నాటిది, పునాదిలో ఇసుక, దగ్గర్లో చెరువు. దాన్ని కట్టించిన రేచర్ల రుద్రుడి శిల్పులకూ అంకోర్ కట్టిన ఖ్మేరు శిల్పులకూ ముఖపరిచయం లేకున్నా ఇసుక మీద గురి ఒక్కటే. రామప్ప గుడి మీది మదనిక శిల్పం మోచేతి గీతలు పట్టేంత సన్నటి చూపు నైసార్‌ది కాదులే, ఆ పని గుడిముందు నిలిపే లేజర్ స్కానర్‌ది. మీరు చుట్టుపక్కల నేలను కనిపెట్టుకుని ఉండండి. ఏ వేసవిలో ఎంత దిగిందో అంకె పంపండి. బోర్లు వేసేవాళ్ల దగ్గర ఆ అంకె పెట్టుకుని మేం కూర్చుంటాం.